సూపరింటెండెంటు గారి సంతానం

రిటైర్మెంటుకు సరిగ్గా వారం రోజులుందనగా, గుమ్మళ్ళ భీమశంకరానికి నాలుగు వందల పైచిలుకు మంది పిల్లలున్నారని కంప్యూటరు ప్రకటించింది.

ఆఫీసంతా ఆయనకు కప్పబోయే శాలువా రంగు గురించి తగువులాడుకుంటున్న సమయమది. డేటా ఎంట్రీ ఆపరేటరు జ్యోతిర్మయి, ముందే ఒకసారి చూసి పెట్టుకుందామని భీమశంకరం పేరు తెరిచి, తొలగించమని మీట నొక్కింది. తెర మీద ఎర్రటి పెట్టె ఒకటి ఊడిపడింది.

"ఏంటమ్మా అది, ఎర్రగా?" అన్నాడు భీమశంకరం.

"మిమ్మల్ని తీసెయ్యడం కుదరదంటోందండి."

"ఏం?"

"మీకు పిల్లలున్నారంటండి."

"ఉందిగా. ఒక్కత్తే. కాకినాడలో, బ్యాంకులో చేస్తోంది. దానికీ దీనికీ ఏంటమ్మా సంబంధం?"

"ఒక్కరు కాదండి. నాలుగొందల పన్నెండు."

టైపిస్టు యేసురత్నం చేతులు మీటల మీదే ఆగిపోయాయి. అకౌంటెంటు ఇందుమతి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆయన్ని ఆపాదమస్తకం చూసింది. వాచ్‌మన్ అప్పలకొండ మాత్రం, ఇంతకాలం ఈయన్ని తక్కువ అంచనా వేశానే అన్నట్టు, లేచి నిలబడ్డాడు.

రాష్ట్ర మామిడి తాండ్ర అభివృద్ధి సంస్థ, గోపవరం డివిజన్. తాండ్రను అభివృద్ధి చేయడానికి ప్రభుత్వం ఈ సంస్థను పెట్టింది. తాండ్ర మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది: చాప మీద రసం పోస్తారు, ఎండబెడతారు, ముక్కలు కోస్తారు. సంస్థకేమో రెండు అంతస్తులు, ఒక గోదాము, ఒక వ్యాను, ఒక కుక్క, ఒక డివిజనల్ మేనేజరు ఏర్పడ్డాయి.

ఆ మేనేజరు పేరు తాతపూడి చక్రధర్. ఆయన మూడు నెలల కిందట రాజధానిలో 'డేటాబేస్ మూల సూత్రాలు' అనే మూడు రోజుల శిక్షణకు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చేటప్పుడు భుజాన సంచీ, నెత్తిన టోపీ, కళ్ళలో ఒక వెలుగు. మూడో రోజు మధ్యాహ్నం గ్రూపు ఫొటోలో ముందు వరస కుర్చీ కోసం ముందే వెళ్ళి కూర్చోవడం వల్ల, చివరి పాఠం ఒక్కటి ఆయనకు తప్పిపోయింది. దాని పేరు మాత్రం గుర్తుంది. ఆ పేరే ఈ కథను ముంచింది గానీ, అక్కడికి తర్వాత వద్దాం.

వచ్చిన మర్నాడే సిబ్బందినంతా తాండ్ర రుచి చూసే హాల్లో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. భోజనాలయిన వేళ. బోర్డు మీద అడ్డగీతలూ నిలువుగీతలూ గీశాడు.

"ఇది టేబుల్. ఏం కనిపిస్తోంది మీకు?"

"గళ్ళ లుంగీ అండి," అన్నాడు అప్పలకొండ.

"సమాచారం కనిపించాలి! అడ్డంగా పోయే ప్రతి వరసా ఒక రికార్డు. అంటే ఒక మనిషి, లేదా ఒక వస్తువు. నిలువుగా పోయేవి వాటి గుణగణాలు. పేరు, వయసు, హోదా."

"కుర్చీకి హోదా ఏం రాయమంటారు సార్?" అని అడిగింది ఇందుమతి. ఆవిడ ఏదైనా వివరంగా రాసుకునే మనిషి.

"ఎవరు కూర్చుంటే వారి హోదా."

ఇందుమతి రాసుకుంది.

చక్రధర్ గొంతు తగ్గించాడు. "ఇప్పుడు అసలు సంగతి. డేటాబేసుకు ప్రాణం ఎక్కడుంటుంది? సంబంధాల్లో! ప్రతి పిల్ల రికార్డూ తన తల్లి రికార్డు ఎవరో చూపించాలి. తల్లి లేని రికార్డును అనాథ అంటారు. నేనుండగా ఈ డివిజన్లో ఒక్క అనాథ కూడా ఉండటానికి వీల్లేదు." ఆ మాటను బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీశాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. "రెండో నియమం. పిల్లలున్నంత కాలం తల్లిని తొలగించడం కుదరదు. ఎంత మానవీయమైన సాంకేతికతో చూడండి!"

తర్వాత అందరికీ కాగితాలు పంచారు. ఒక్కో మనిషికీ, ఒక్కో వస్తువుకూ ఒక వరస. చివరి గడి: తల్లి.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ఆఫీసులో ఒక ఆచారముంది. సెలవు చీటీ దగ్గర్నుంచి చీపురుకట్ట దాకా ఏ కాగితమైనా 'సూపరింటెండెంటు గారి ద్వారా' వెళ్ళాలి. కాబట్టి ఆ గడిలో ఏం రాయాలో తెలియక అందరూ భీమశంకరం దగ్గరికే వచ్చారు. భీమశంకరానికీ ఒక అలవాటుంది. మధ్యాహ్నం రెండు దాటాక ఆయన కూర్చునే కునుకు తీస్తాడు. తీస్తున్నంతసేపూ తల పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. ఆ ఊపు చూపించి ఆ ఆఫీసులో ఎంతమంది ఎన్ని సెలవులు మంజూరు చేయించుకున్నారో లెక్కలేదు.

"గురువుగారూ, నా తల్లి గడిలో మిమ్మల్ని రాసుకోనా?" అన్నాడు యేసురత్నం.

తల ఊగింది.

"సీలింగు ఫ్యానులకి కూడానా అండి?" అంది ఇందుమతి.

తల ఊగింది.

"మన టైగర్‌కి?" అన్నాడు అప్పలకొండ. గోదాము కాపలా కుక్క అది.

తల ఇంకాస్త గట్టిగా ఊగింది.

నాలుగింటికి మెలకువ వచ్చి టీ అడిగేసరికి, భీమశంకరం ఒక డివిజన్ మొత్తానికి తల్లి అయిపోయాడు. ఆయన సొంత వరసలో తల్లి గడి ఖాళీగా ఉండకూడదు గనక మేనేజరు గారి పేరు రాయించారు. మేనేజరు గారి కాగితం మేనేజరు గారే తన గదిలో కూర్చుని నింపుకున్నారు. అందులో ఏం రాశారో ఎవరూ చూడలేదు.

ఇదంతా గడిచి మూడు నెలలైంది. ఇప్పుడు తెర మీద ఎర్రపెట్టె.

భీమశంకరం మేనేజరు గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

"సార్, వచ్చే మంగళవారం నా రిటైర్మెంటు. ఈ కంప్యూటరేమో..."

చక్రధర్ విషయమంతా విన్నాడు. ఆయన ముఖం వికసించింది. "పనిచేస్తోందన్నమాట! నియమం పనిచేస్తోంది!"

"నేను రిటైరవ్వాలి కదండి?"

"శంకరం గారూ, రిటైర్మెంటు వయసు ఉద్యోగికి ఉంది. ఒప్పుకుంటాను. కానీ మీరిప్పుడు ఉద్యోగి మాత్రమే కాదు. తల్లి. తల్లికి రిటైర్మెంటు వయసు ఏ జీవోలో ఉందో చూపించండి."

భీమశంకరం జేబులు తడుముకున్నాడు.

"మరి నన్నేం చెయ్యమంటారండి?"

"మీ పిల్లలకు వేరే తల్లుల్ని వెతుక్కోండి. పద్ధతి నేను జారీ చేస్తాను."

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. 'విషయము: తల్లుల మార్పిడి. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు తల్లి తన పిల్ల రికార్డులను ఇష్టపూర్వకముగా ముందుకు వచ్చిన ఇతర తల్లులకు అప్పగించవచ్చును. కొత్త తల్లి పిల్ల రికార్డుతో కలిసి ఫొటో దిగవలెను. పిల్ల రికార్డు శిథిలావస్థలో నున్నచో ఆ సంగతి ముందుగా వెల్లడించవలెను.'

భీమశంకరానికి ఈ రిటైర్మెంటు ఎందుకింత ప్రాణమో చెప్పాలి. కడియం దగ్గర దొరబాబు అనే ఆసామి తన అరెకరం నర్సరీని ఆయనకు కౌలుకిస్తానన్నాడు. ఆ నర్సరీ మధ్యలో పాత మామిడి చెట్టొకటి ఉంది. తల్లి చెట్టు. దాని కొమ్మలకు చుట్టూ కుండీల్లోని మొక్కల్ని కలిపి కట్టి అంట్లు తీస్తారు. చెట్టు మొదట్లో ఒక రేకు ముక్క, దాని మీద నంబరు. ఎప్పుడో తాండ్ర సంస్థవాళ్ళే సర్వేకొచ్చి కొట్టి వెళ్ళారు. తన ఆఫీసు రేకు అక్కడ చూసి భీమశంకరం దాన్ని శుభసూచకంగా భావించాడు. ఆ చెట్టు కింద మంచం వేసుకుని, లేవమనేవాళ్ళూ సంతకం అడిగేవాళ్ళూ లేకుండా, పడుకుని నిద్రపోవాలి. ముప్ఫై నాలుగేళ్ళుగా ముక్కలు ముక్కలుగా తీసిన కునుకును ఒక్కసారి ఏకంగా తియ్యాలి. ఇదీ ఆయన కోరిక.

ఆ సాయంత్రమే దొరబాబు ఫోన్ చేశాడు.

"ఆయ్, శంకరం గారండీ! ఒకటో తారీఖున దిగిపోతున్నారు కదండి? తొలకరి పడిందంటే అంట్లు అమ్మే రోజులండి. మనిషి లేకపోతే కష్టమండి. ఇక్కడ ప్లాట్లేసేవోళ్ళు నా గుమ్మం వదలట్లేదండి. మీ మొహం చూసి ఆగానండి, ఆయ్. మీరు రాకపోతే ఆ చెట్టు కొట్టించేసి వాళ్ళకిచ్చేస్తానండి. ఏమనుకోకండే."

ఇంటికెళ్ళి భార్య సుభద్రకు చెప్పాడు. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

"నాలుగొందల మందా? నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఫ్యాన్లూ బీరువాలూనే! ఎగతాళి చెయ్యకు."

"తీసుకునేవాళ్ళు లేరా?"

"ఎవరు తీసుకుంటారు? తీసుకున్నవాళ్ళు రేపు నాలాగే ఇరుక్కుంటారు. జన్మలో రిటైరవలేరు."

నిజమే. మర్నాడు ఆయన గదిగదికీ తిరిగాడు. ఇందుమతి సీలింగు ఫ్యాను వంక చూసి, "అది రాత్రింబవళ్ళు మూలుగుతుందండి. రోగిష్టి బిడ్డ. నావల్ల కాదు," అంది. యేసురత్నం ఒక పంచింగు మిషను తీసుకుని, మధ్యాహ్నానికి తిరిగిచ్చేశాడు. అప్పలకొండ కుక్కకు అన్నం పెడతానన్నాడు గానీ, "తల్లినంటే మా ఇంట్లో బాగోదండి" అన్నాడు. శనివారం సాయంత్రానికి తగ్గినవి మూడే. అవీ బాత్రూము బకెట్లు, పోయాయని రాసేసినవి.

ఆదివారం భీమశంకరం అన్నం సరిగ్గా తినలేదు. సుభద్ర మజ్జిగ పోస్తూ, "ఒకటడుగుతాను. మిమ్మల్ని తియ్యడం కుదరకపోతే, మిమ్మల్ని ఇంకో ఊరికి మార్చడం మాత్రం ఎలా కుదురుతుంది?" అంది.

భీమశంకరం చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది.

అది బదిలీల సీజను. అడవిలో, కొండ మీద, చింతలబయలులో సంస్థకు ఒక మామిడి సేకరణ కేంద్రముంది. అక్కడ ఫోనుకు సిగ్నలు రాదు. అక్కడికి ఈ ఏడు ఎవర్నో ఒకర్ని పంపుతారని నెల రోజులుగా ఆఫీసులో ఎవరికీ నిద్ర లేదు. అంటే, రెండు దాటాక భీమశంకరానికి తప్ప.

సోమవారం ఉదయం ఆయన ఏ గదికీ వెళ్ళలేదు. టీ బడ్డీ దగ్గర యేసురత్నం పక్కన నిలబడి, గాలిలోకి చూస్తూ అన్నాడు. "పోన్లేవయ్యా, ఎవరూ తీసుకోకపోవడమే మంచిదైంది. తల్లిని బదిలీ చెయ్యడానికి కూడా వీల్లేదంటగా. చింతలబయలు భయం నాకొక్కడికీ లేదు."

యేసురత్నం టీ గ్లాసు పూర్తి చేయకుండానే మాయమయ్యాడు.

పది నిమిషాల్లో పంచింగు మిషనుతో ఫొటో దిగాడు. పదకొండింటికి ఇందుమతి మూలిగే ఫ్యానును అక్కున చేర్చుకుంది. ఫ్యాను అందదు గనక స్టూలెక్కి, రెక్కకు దండ వేసి ఫొటో తీయించుకుంది. "మూలిగితే మూలిగింది. కన్నతల్లికి బరువా?" అంది. పన్నెండింటికి వాటర్ కూలరు కోసం ఇద్దరు గుమాస్తాలు కాలర్లు పట్టుకున్నారు. ఒకడు తాను రోజూ దాని నీళ్ళే తాగి పెరిగానన్నాడు. రెండో వాడు, అలా అయితే అదే నీకు తల్లి అవుతుంది, నువ్వు దానికి కావన్నాడు. వాదన మేనేజరు దగ్గరికి వెళ్తే, కుళాయి ఒకరికీ డ్రమ్ము ఒకరికీ ఇచ్చి తీర్పు చెప్పాడాయన. రికార్డ్ అసిస్టెంటు ఒకాయన అన్నీ అయిపోయాయని తెలిసి, కింది అంతస్తు మరుగుదొడ్డి తలుపును దత్తత తీసుకుని, దాని పక్కన గర్వంగా నిలబడ్డాడు. అప్పలకొండ ఇంట్లో చెప్పకుండా టైగర్‌కు తల్లి అయ్యాడు.

మనుషుల దగ్గర మాత్రం కాస్త పేచీ వచ్చింది. పక్క సీటువాణ్ణి తల్లిగా రాసుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకని సిబ్బందంతా కట్టగట్టుకుని వెళ్ళి, "సార్, మీరే మాకు తల్లి" అన్నారు మేనేజరు గారితో. చక్రధర్ కళ్ళు చెమర్చాయి. అందరినీ స్వీకరించాడు.

మంగళవారం మధ్యాహ్నం రుచి చూసే హాల్లో సభ. శాలువా వచ్చింది, మావిచిగురు రంగుది. దండ వచ్చింది. చక్రధర్ మైకు ముందు నిలబడి, "ఒక రికార్డు మనల్ని విడిచి వెళ్తోంది" అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడాడు. వేదిక మీద భీమశంకరం, అలవాటైన వేళ కావడంతో నిద్ర ముంచుకొస్తుంటే, తొడ గిల్లుకుంటూ మెలకువగా ఉన్నాడు. ఇంకొక్క పావుగంట. రేపు చెట్టు కింద మంచం.

"జ్యోతిర్మయి గారూ, కానివ్వండి," అన్నాడు చక్రధర్.

హాల్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న జ్యోతిర్మయి మీట నొక్కింది. ఎర్రపెట్టె.

"ఇంకొకరున్నారండి. ఒక్క పిల్ల రికార్డు."

భీమశంకరం దండతో సహా లేచాడు. "ఎవరమ్మా? ఏ బీరువా?"

జ్యోతిర్మయి తెర చూసింది, మేనేజరును చూసింది, మళ్ళీ తెర చూసింది. "డివిజనల్ మేనేజరు గారండి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు.

"నా కాగితాలు కూడా సూపరింటెండెంటు ద్వారానే కదా వెళ్ళేది," అన్నాడు చక్రధర్, కాలరు సర్దుకుంటూ. "హెడ్డాఫీసు మన టేబుల్లో లేదు. లేని తల్లిని రాయకూడదు. అందుకని నిబంధనల ప్రకారం..."

"పోన్లెండి సార్," అన్నాడు భీమశంకరం ఆశగా. "ఇందుమతి గారిని తల్లిగా రాయించుకోండి. ఒక్క నిమిషం పని."

"నాకేం అభ్యంతరం లేదండి," అంది ఇందుమతి. "ఇప్పటికే ఫ్యానుంది. తోడుగా ఉంటారు."

"మేడమ్! నా తల్లి హోదా నా హోదాకు తగ్గకూడదు. హెడ్డాఫీసు అనుమతి కావాలి. పది రోజులు పడుతుంది."

పది రోజులు! భీమశంకరం కళ్ళ ముందు రంపం కదిలింది.

సరిగ్గా అప్పుడే చక్రధర్ జేబులో ఫోన్ మోగింది. ఆయన విన్నాడు, నిటారుగా నిలబడ్డాడు, "తప్పకుండా సార్, రేపు ఉదయమే సార్" అన్నాడు. ఫోన్ పెట్టేసి సభ వైపు తిరిగాడు. "సంస్థ డేటా విభాగానికి నన్ను డైరెక్టరుగా నియమించారు. రాజధానిలో. రేపు ఉదయం పది గంటలకు చేరాలి. లేకపోతే వరసలో తర్వాతి వాడికి ఇచ్చేస్తారట."

చప్పట్లు మోగాయి. "నా రికార్డు ఇక్కడ తీసెయ్యండి. అక్కడ కొత్తగా ఎక్కించుకుంటారు," అన్నాడు జ్యోతిర్మయితో.

ఆమె నొక్కింది. ఎర్రపెట్టె.

"సార్, మీకూ పిల్లలున్నారండి. స్టాఫంతా మీ పిల్లలే కదండి. శంకరం గారు కూడానండి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన పోతే గానీ ఈయన పోవడానికి లేదు. ఈయన పోతే గానీ ఆయన పోవడానికి లేదు.

"ముందు మీరు వెళ్ళండి శంకరం గారూ."

"అయ్యో, మీరుండగా నేనెలా వెళ్తానండి? మీరు బయల్దేరండి."

"పెద్దవారు, మీరు."

"హోదాలో మీరు కదండి."

ఈ మర్యాద కొంతసేపు సాగింది. గోడ గడియారం మూడు దాటింది. రాజధానికి ఉన్న ఒక్క రైలూ అయిదింటికి. చక్రధర్ నుదుటి మీద చెమట పట్టింది. అప్పుడు ఆయనకు ఆ మూడో రోజు మధ్యాహ్నం గుర్తొచ్చింది. తాను ఫొటో కుర్చీలో కూర్చుని ఉండగా, కిటికీలోంచి వినిపించిన ఒక్క మాట.

"కాస్కేడ్!" అని అరిచాడు. "కాస్కేడ్ అని ఒకటుంటుంది. అది పెడితే తల్లిని తియ్యనిస్తుంది."

జ్యోతిర్మయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఉంటుందండి. కానీ అది పెడితే..."

"ఉందా లేదా?"

"ఉందండి. తల్లితో పాటు..."

"అమ్మా, నేను శిక్షణ పొందినవాణ్ణి. ఉత్తర్వు రాసిస్తున్నాను. పెట్టండి."

రాసిచ్చాడు. సంతకం పెట్టి ముద్ర కూడా వేశాడు. ఉత్తర్వు ఉన్నాక జ్యోతిర్మయికి ఇంకేం కావాలి? నొక్కింది.

ఎర్రపెట్టె రాలేదు. తెర మీద వరసలు పైనుంచి కిందికి, తాండ్ర చాప చుట్టినట్టు, చుట్టుకుపోయాయి. మేనేజరు పోయాడు. మేనేజరు పోయాడు గనక ఆయన పిల్లలైన భీమశంకరం, ఇందుమతి, యేసురత్నం, అప్పలకొండ పోయారు. వాళ్ళు పోయారు గనక వాళ్ళ పిల్లలైన ఫ్యాన్లు, కుర్చీలు, కూలరు డ్రమ్ము, మరుగుదొడ్డి తలుపు, టైగరు పోయాయి. చివరికి తెర తెల్లగా మిగిలింది. అడుగున ఒక చిన్న వాక్యం: రికార్డులు లేవు.

"పోయామా?" అన్నాడు అప్పలకొండ, తన చేతులు చూసుకుంటూ.

చక్రధర్ మాత్రం అప్పటికే రైలుకు పరుగెత్తాడు. భీమశంకరం శాలువా మడిచి చంకలో పెట్టుకుని, ఎవరైనా పిలుస్తారేమోనని వెనక్కి చూడకుండా, ఇంటికెళ్ళిపోయాడు.

బుధవారం ఉదయం ఆయన నర్సరీలో ఉన్నాడు. పింఛను కాగితాలు ఆరు నెలల ముందే హెడ్డాఫీసుకు వెళ్ళి వేరే టేబుల్లో చేరిపోయాయి గనక ఆయనకే ఇబ్బందీ రాలేదు. మంచం వేశాడు. పడుకున్నాడు.

గోపవరంలో మాత్రం హాజరు మిషను ఎవరి వేలినీ గుర్తుపట్టలేదు. జీతాల సంగతి అడిగితే, లేని మనుషులకు జీతాలేమిటని హెడ్డాఫీసు జవాబిచ్చింది. అదే వారం అక్కణ్ణుంచే ఒక ప్రశంసాపత్రం కూడా వచ్చింది. 'మీ డివిజన్లో తప్పులు సున్నా, అనాథలు సున్నా, ఖాళీ గడులు సున్నా. రాష్ట్రంలో ఏకైక దోషరహిత కార్యాలయముగా ఎంపిక చేయడమైనది.' పత్రం ఇవ్వడానికి వచ్చిన అధికారి, తీసుకోవడానికి రికార్డుల్లో ఎవరూ లేరని, మళ్ళీ పట్టుకెళ్ళిపోయాడు.

చక్రధర్‌ను రాజధానిలో గేటు దగ్గరే ఆపారు. పది గంటల లోపే వచ్చాడు గనక, రికార్డు ఎక్కేదాకా పోస్టు మాత్రం ఆయనకే అట్టిపెట్టారు. కొత్తగా ఎక్కించమంటే, తల్లి ఎవరన్నారు. అనాథల్ని చేర్చుకోకూడదని తానే పంపిన ప్రతిపాదనను అప్పటికే రాష్ట్రమంతటా అమలు చేశారు. తల్లి సంస్థ రికార్డుల్లో ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి. రాజధానిలో ఎవరూ తల్లి కావడానికి ఒప్పుకోలేదు. గోపవరం డివిజన్ నుంచి ఎవరున్నారా అని వెతికితే, పింఛను టేబుల్లో ఒక్క పేరు దొరికింది.

రెండు వారాలు గడిచిన ఆదివారం నాడు, సంస్థ వ్యాను కడియం నర్సరీ ముందు ఆగింది.

అప్పుడక్కడ ఇంకో గొడవ నడుస్తోంది. దొరబాబు మాట మార్చాడు. ప్లాట్లవాళ్ళు ధర పెంచారట. ఇద్దరు మనుషులు మోటారు రంపం తెచ్చి తల్లి చెట్టు మొదట్లో పెట్టారు. సుభద్ర మంచం మీద నుంచి లేవనని కూర్చుంది.

"కాయితం మీద రాసుకోలేదు కదండి, ఆయ్," అంటున్నాడు దొరబాబు. "మీరు మంచోరండి. నేనూ మంచోణ్ణేనండి. రేటే మంచిది కాదండి."

"ఎదురుగా ఉన్న అంట్లన్నీ ఈ చెట్టు పిల్లలేనయ్యా! ఇంకా కొమ్మలకే కట్టున్నాయి. చెట్టు కొడితే అవన్నీ పోతాయి," అన్నాడు భీమశంకరం, కొమ్మలు చూపిస్తూ.

సరిగ్గా అప్పుడు వ్యానులోంచి చక్రధర్ దిగాడు. వెనకే ఇందుమతి, యేసురత్నం, అప్పలకొండ, చంకలో ల్యాప్‌టాప్‌తో జ్యోతిర్మయి, అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చిన టైగర్. అందరి చేతుల్లోనూ కాగితాలు.

"శంకరం గారూ!" అన్నాడు చక్రధర్. గడ్డం మాసి ఉంది. "మీరొక్కరే మాకు దిక్కు. మళ్ళీ తల్లిగా ఒప్పుకోండి. ఒక్క సంతకం."

"గురువుగారూ, లేనివాళ్ళమైపోయామండి," అన్నాడు యేసురత్నం. "ఊరికే తల ఊపండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

భీమశంకరం కళ్ళు పెద్దవి చేసి, మెడ బిగించుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం రెండు దాటింది. నిద్ర వస్తోంది. ఊపకూడదు. ఊపాడో, ఈ జన్మకు మళ్ళీ గోపవరమే. వెనక రంపం గుర్రుమని మొదలైంది. ఆయన తిరిగి చూశాడు. రంపం పక్కన, చెట్టు మొదట్లో, ఎండకు మెరుస్తూ రేకు ముక్క.

"జ్యోతమ్మా," అన్నాడు మెల్లగా. "ఆ నంబరు నీ దాంట్లో ఉందేమో చూడు."

జ్యోతిర్మయి వంగి నంబరు చూసి కొట్టింది. "ఉందండి. హెడ్డాఫీసు మామిడి చెట్ల సర్వే టేబుల్. వయసు డెబ్బై. స్థితి, సజీవం."

"తల్లి సంస్థ రికార్డుల్లో ఉండాలి. బతికి ఉండాలి. అంతేగా సార్?"

చక్రధర్ ఆలోచించాడు. ఆయన కళ్ళలో ఆ పాత వెలుగు మళ్ళీ రాజుకుంది. "మనిషే అయి ఉండాలని ఎక్కడా లేదు. పైగా ఇది మామిడి చెట్టు. మనది తాండ్ర సంస్థ. హోదాలో నాకెంతమాత్రమూ తగ్గదు!"

"అయితే రాసుకోండి."

చెట్టు కింద వరస కట్టారు. ముందు చక్రధర్, తర్వాత ఇందుమతి, తర్వాత మిగతావాళ్ళు, వాళ్ళతో పాటు వాళ్ళ కాగితాల్లోని ఫ్యాన్లు, కుర్చీలు, కూలరు, తలుపు. ఈసారి మధ్యలో ఎవరూ తల్లి కావద్దని, అన్నీ నేరుగా చెట్టుకే రాయించారు. చివరికి టైగర్ కూడా. జ్యోతిర్మయి ఆఖరి మీట నొక్కేసరికి, అంతసేపూ సుభద్ర మంచం అడ్డుపడి ఆగిన రంపం పళ్ళు బెరడును తాకాయి.

"ఆపండి!" చక్రధర్ గర్జన విని రంపంవాడు అదిరిపడ్డాడు. "సదరు వృక్షమునకు నాలుగు వందల పైచిలుకు పిల్ల రికార్డులున్నవి. తొలగించుట కుదరదు!"

"నా చెట్టండి అది!" అన్నాడు దొరబాబు.

"చెట్టు మీదే. మేం కాదనడం లేదు. తొలగించడమే కుదరదు. జ్యోతిర్మయి గారూ, చూపించండి."

జ్యోతిర్మయి తెర తిప్పింది. ఎర్రపెట్టె. దొరబాబు దాన్ని దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు.

"కంప్యూటరు కుదరదంటోందేంటండీ?"

"అంటోంది కదండి," అంది ఇందుమతి, మాసిన చీరకొంగుతో చెట్టు మొదలును తుడుస్తూ. "మా అమ్మ జోలికి రాకండి."

రంపం తెచ్చినవాళ్ళు వ్యాను మీద రాసిన సంస్థ పేరు చదివారు, టైగర్‌ను చూశారు, సామాను సర్దుకున్నారు. దొరబాబు తల గోక్కుంటూ, ప్లాట్లవాళ్ళకు ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ వెళ్ళిపోయాడు. కౌలు మాట మళ్ళీ పాత మాటే అయింది, ఈసారి కాగితం మీద. చక్రధర్ ఆ సాయంత్రమే రైలెక్కి డైరెక్టరయ్యాడు. వెళ్తూ వెళ్తూ, రాష్ట్రంలో ప్రతి కార్యాలయానికీ ఒక చెట్టు ఉండాలని ప్రతిపాదన రాసుకున్నాడు.

వ్యాను దుమ్ము సద్దుమణిగాక భీమశంకరం మంచం మీద కూలబడ్డాడు. కూర్చునే కళ్ళు మూసుకున్నాడు. తల పైకీ కిందికీ ఊగడం మొదలైంది.

సుభద్ర పరుగున వచ్చి ఆ తలను రెండు చేతులా పట్టి దిండు మీద పెట్టింది.

"నిద్రపోండి, ఎంతసేపైనా పోండి. తల మాత్రం ఊపకండి. ఆ వ్యాను మళ్ళీ తిరిగొస్తుందేమో!"